పసుపు స్ట్రా

సోమవారం పొద్దున
ఔలు ఊరు ఇంకా చీకట్లోనే ఉంటుంది.
బయట సున్నాకు కింద ఇరవై ఎనిమిది.
బస్సు దిగి క్లినిక్ మెట్లెక్కేసరికి
నా కనురెప్పల మీద మంచు.
లోపల, ఆరో ట్యాంకులో,
సున్నాకు కింద నూట తొంభై ఆరు.
ఆ లెక్కన బయట ఎండాకాలమే.

మూత ఎత్తితే పాలు పొంగినట్టు పొగ,
అంచు దాటి నా బూట్ల మీదికి దిగుతుంది.
స్కేలు ముంచి లోతు చూస్తాను.
తగ్గినంత పోస్తాను.
కరెంటు పోయినా వీళ్లకు భయం లేదు,
నేను మరిచిపోతేనే.

వీళ్లు అన్నాను, చూశారా.
అలా అనకూడదని మాకు ట్రైనింగులో చెప్పారు.
నమూనాలు అనాలి.

మూడో డబ్బా, పసుపు స్ట్రాలు: రౌహా కెత్తునెన్.
పదిహేనేళ్ల కిందట ఒక బుధవారం
నాలుగు మొదలయ్యాయి.
ఒకటి అప్పుడే లోపలికి వెళ్లి హిల్లా అయింది.
(హిల్లా అంటే ఇక్కడి చిత్తడినేలల్లో కాసే పసుపుపచ్చ పండు.)
మిగతా మూడూ ఆగిపోయాయి,
ఆవగింజలో అరవయ్యో వంతైనా లేకుండా,
ఉలుకూ పలుకూ లేకుండా.

ఏటా నవంబరులో ఉత్తరం పంపేది నేనే.
ఉంచాలా, పరిశోధనకివ్వాలా, పారెయ్యాలా.
రౌహా ఏటా మొదటి గడిలోనే టిక్కు పెట్టేది.
ఒక ఏడు పెన్సిలుతో.
ఒక ఏడు రెండు గడుల మధ్య గీత మీద.
ఫోన్ చేసి అడిగితే చెయ్యి జారిందంది.
డబ్బు మాత్రం గడువు లోపలే కట్టింది.

ఆమె నీళ్లోసుకోవాలని
నేను పదిహేనేళ్లు నైట్రోజన్ పోశాను.

ఈ ఫిబ్రవరిలో వచ్చింది. నలభై ఆరు నిండాయి.
ఆలస్యమైందా అని అడిగింది డాక్టరుని.
"నిలవున్న కాలాన్ని అవి లెక్కపెట్టుకోవు,
వాటి వయసు అప్పటి మీ వయసే.
నిలుస్తాయని మాత్రం మాటివ్వలేను."
"అయితే నాలో ముప్ఫై ఒకటిగా మిగిలింది
అవొక్కటే" అని నవ్వింది.
డాక్టరు నవ్వాలో వద్దో తేల్చుకోలేదు.

వెంట హిల్లా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు,
ఒక చేతికే గ్లవ్.
గాజు అవతల నిలబడి తెర చూసింది.
మొదటిది కరిగింది కరిగినట్టే
చితికిన ద్రాక్షలా నల్లబడింది.
రెండోది కాసేపు ముడుచుకుని ఉండి
ఎవరో పిలిచినట్టు
మెల్లగా గుండ్రమైంది.

"అది నాకన్నా పెద్దదా, చిన్నదా?"

తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాను:
"ఇద్దరిదీ ఒకే రోజు.
నువ్వు కాస్త ముందు బయలుదేరావు."

ఆ పిల్ల చాలాసేపు
ఇయర్‌ఫోన్లు మళ్లీ పెట్టుకోలేదు.

పన్నెండో రోజు రక్తపరీక్ష.
ఫోన్ చెయ్యడం నర్సు పని. ఆ రోజు ఆమెకు జ్వరం.
నేను చేశాను.
అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు.
చెప్పాను.
నీళ్ల చప్పుడు ఆగలేదు.
కాసేపటికి, "బంగాళదుంపలు పొంగుతున్నాయి,
ఒక్క నిమిషం" అంది రౌహా.
ఆ ఒక్క నిమిషం రిసీవర్ పట్టుకునే ఉన్నాను.
పొయ్యి ఆపిన టక్కు వినపడింది.
తిరిగొచ్చి రెండోదాని గురించి ఏమీ అడగలేదు.
మొదటిది ఎటు పోయిందని అడిగింది.
నాకు తెలుసు ఎటు పోయిందో.
మామూలు మాటల్లో చెప్పాను.

ఇప్పుడు మూడో డబ్బాలో రెండు ఖాళీలు,
ఒక పసుపు స్ట్రా.
నవంబరుకి ఇంకా ఎనిమిది నెలలు.

నిన్న హిల్లా ఫోన్ చేసింది.
"అమ్మకి చెప్పకండి.
ఆ మిగిలినదాన్ని ఒకసారి చూడొచ్చా?"
కుదరదన్నాను.
మూత తీస్తే పొగ తప్ప ఏమీ కనపడదన్నాను.
"పొగైనా సరే" అంది.

ఈ పొద్దున స్కేలు ముంచాను.
రెండు వేళ్ల లోతు తగ్గింది.
మూడు వేళ్లు పోశాను.